మోటుపల్లి అభయం: నాడు ఓడకు, నేడు ఒడ్డుకు

ఆంధ్రప్రదేశ్ తీరంలో మళ్లీ ఓడరేవుల నిర్మాణం ఊపందుకుంది. రామాయపట్నంలో 2022లోను, మచిలీపట్నం, మూలపేటలలో 2023లోను కొత్త రేవుల పనులకు శంకుస్థాపనలు జరిగాయి. మరోవైపు 1908 నాటి భారత ఓడరేవుల చట్టం, 1958 నాటి వాణిజ్య నౌకల చట్టం స్థానంలో కొత్త చట్టాలను పార్లమెంటు 2025లో ఆమోదించింది. రేవులను ఎవరు నడపాలి, రుసుములను ఎవరు నిర్ణయించాలి, ఓడ మునిగితే బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నలకు ఈ చట్టాలు కొత్తగా సమాధానాలు వెతికాయి.

ఇవే ప్రశ్నల్లో కొన్నింటికి సుమారు 780 సంవత్సరాల క్రితం తెలుగు తీరంలోని ఒక ఊరిలో రాతిమీద సమాధానం చెక్కించారు. ఆ ఊరు మోటుపల్లి. మచిలీపట్నానికి, రామాయపట్నానికి నడుమ, నేటి బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో ఉన్న తీర గ్రామమిది. ఆ శాసనాన్ని చరిత్రకారులు ‘అభయ శాసనం’ అని పిలుస్తారు. తెలుగు పాఠ్యపుస్తకాలు చదివినవారికి ఈ పేరు కొత్త కాదు. అయితే ఆ శాసనం సరిగ్గా ఏమి చెప్పింది, ఎందుకు చెప్పింది, నేటి రేవుల కాలంలో దానినుంచి గ్రహించవలసినది ఏమిటి అన్నవి తిరిగి పరిశీలించదగిన విషయాలు.

కోటలు లేని రేవు

మోటుపల్లికి చేరుకోవడం కష్టమేమీ కాదు. విజయవాడ–గూడూరు రైలు మార్గంలో చీరాల, వేటపాలెం, చినగంజాం స్టేషన్లు ఈ ప్రాంతంలోనివే. బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు వైపు సాగే 216వ నంబరు జాతీయ రహదారి కూడా దీనికి దగ్గరగానే పోతుంది. చినగంజాం ఉప్పు కొటార్లకు, చీరాల చేనేతకు, వేటపాలెం 1918లో నెలకొన్న సారస్వత నికేతనం గ్రంథాలయానికి పేరు పొందాయి. వాడరేవు, సూర్యలంక బీచ్‌లకు వచ్చే పర్యాటకులు ఈ ప్రాంతం గుండానే ప్రయాణిస్తారు.

చారిత్రక రేవు అనగానే సందర్శకుని మనసులో ఒక చిత్రం ఏర్పడుతుంది: సముద్రానికి ఎదురుగా కోట, ఫిరంగులు, రాతి కట్టుబడి, గిడ్డంగులు. తమిళనాడులోని తరంగంబాడిలో డేన్లు 1620లో కట్టడం మొదలుపెట్టిన కోట ఆ చిత్రానికి సరిపోతుంది. మోటుపల్లిలో అటువంటిదేదీ కనిపించదు. అలాగని ఆ ఊరి ప్రాముఖ్యం తక్కువని అనుకోరాదు. కోరమండల్ తీరపు పాత రేవులు పనిచేసిన తీరే వేరు.

ఈ తీరమంతా ఇసుక నేల. పెద్ద ఓడలు నేరుగా ఒడ్డుకు చేరగల లోతైన సహజ రేవులు అరుదు. ఓడలు సముద్రంలో కొంత దూరాన లంగరు వేసేవి. చిన్న పడవలు అలలను దాటి వెళ్లి సరకు దించుకొని వచ్చేవి. ఎగుమతి సరకు అదే దారిన తిరిగి వెళ్లేది. రాకపోకలు రుతుపవనాల గాలిని బట్టి సాగేవి. అంటే ఆనాటి రేవుకు కావలసినవి ప్రధానంగా మూడు: లంగరు వేయడానికి వీలైన నీరు, సరకు తెచ్చే వెనుక ప్రాంతం, వచ్చిన వర్తకుని సొమ్ముకు భద్రత. మొదటిది ప్రకృతి ఇచ్చేది. రెండవది నేతగాళ్లు, రైతులు, గనుల శ్రామికులు సమకూర్చేది. మూడవది మాత్రం పాలకుడు ఇవ్వవలసినది. మోటుపల్లిలో మిగిలి ఉన్నది ఆ మూడవదానికి సాక్ష్యం. వీరభద్రేశ్వరాలయం ముందరి మండపంలోని ఒక స్తంభంపై దానిని చెక్కించారు.

శాసనం చెప్పినదేమిటి?

కాకతీయ గణపతిదేవుడు 1199 నుంచి 1262 వరకు ఓరుగల్లు రాజధానిగా పాలించాడు. కాకతీయ రాజ్యం మొదట తీరానికి దూరంగా, తెలంగాణ మెట్ట భూముల్లో పెరిగినది. వెలనాటి ప్రాంతాన్ని, దివిసీమను లోబరచుకున్న తరువాతనే దానికి సముద్రం దక్కింది. తీరం చేజిక్కినంత మాత్రాన వ్యాపారం చేజిక్కదన్న ఎరుక ఆ పాలకునికి ఉన్నదని శక సంవత్సరం 1166లో, అంటే సామాన్య శకం 1244–45లో వేయించిన మోటుపల్లి శాసనం తెలుపుతుంది.

తెలుగు లిపిలో, సంస్కృతం, తెలుగు భాషల్లో ఉన్న ఆ శాసనంలోని ముఖ్యాంశం ఇది. ఒక దేశం నుంచి మరొక దేశానికి బయలుదేరిన ఓడలు తుపానుకు చిక్కి, బద్దలై, ఒడ్డుకు కొట్టుకువస్తే వాటిలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన సమస్తాన్నీ పూర్వపు రాజులు బలవంతంగా తీసుకొనేవారు. ప్రాణంకన్నా ధనమే ఎక్కువని తలచి, సముద్రయానమనే మహా సాహసానికి పూనుకున్న వర్తకులపై దయతోను, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా వారికే విడిచిపెడుతున్నామని గణపతిదేవుడు ప్రకటించాడు. ఎగుమతి, దిగుమతులపై సుంకం ముప్పయింట ఒక వంతు. నేటి లెక్కలో ఇది 3 శాతానికి కొంచెం ఎక్కువ.

అంతటితో ఆగక, సరకుల వారీగా సుంకాల పట్టికను కూడా చెక్కించారు. గంధం, దేశవాళీ కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాజి, రాగి, తగరపు జాతి లోహాలు, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, పోకలు అందులో ఉన్నాయి. ఆ జాబితాను చదివితే మోటుపల్లికి ఏయే దిక్కుల నుంచి ఓడలు వచ్చేవో కొంత అర్థమవుతుంది. శాసనంలో ఈ ఊరికి దేశియుయ్యకొండ పట్టణమన్న మరో పేరు కనిపిస్తుంది. తమిళ ఛాయ గల ఆ పేరు, తీరం వెంట చోళుల కాలం నుంచి ఉన్న సంబంధాలకు సూచన.

ఇందులో గమనించవలసిన అంశాలు మూడు. మొదటిది, పాలకుడు పూర్వపు రివాజును అన్యాయంగా గుర్తించి, దానిని బహిరంగంగా విడిచిపెట్టడం. రెండవది, పన్నును అధికారి ఇష్టానికి వదలక అంకెల్లో నిర్ణయించడం. మూడవది, ఆ అంకెలను రాజధానిలోని దస్త్రాల్లో దాచక, రేవులోనే, వర్తకుని కళ్లెదుట రాతిమీద ఉంచడం. సుంకరి ఎక్కువ అడిగితే వర్తకుడు వేలెత్తి చూపగలిగిన ఆధారమది.

ఆ కాలంలో ఇటువంటి ఆలోచన ఎంత అరుదో తెలుసుకోవడానికి ఒక పోలిక ఉపకరిస్తుంది. ఇంగ్లండులో 1275 నాటి వెస్ట్‌మినిస్టర్ శాసనం ప్రకారం, బద్దలైన ఓడనుంచి మనిషిగాని, కుక్కగాని, పిల్లిగాని ప్రాణాలతో బయటపడితే దానిని యజమాని లేని సొత్తుగా పరిగణించరాదు. యజమాని ఒక సంవత్సరం ఒక రోజులోగా వచ్చి తన సరకును కోరవచ్చు. ప్రాణి ఏదీ మిగలకపోతే సొత్తు రాజుదే. అంతకు మూడు దశాబ్దాల ముందే వెలువడిన మోటుపల్లి శాసనం అటువంటి షరతు పెట్టలేదు.

మాట నిలిచిందా?

శాసనం చెక్కించడం ఒక ఎత్తు, దానిని పాటించడం మరొక ఎత్తు. ఎంతవరకు పాటించారో చెప్పే సుంకపు లెక్కలు మనకు దక్కలేదు. అయితే పరోక్ష సాక్ష్యాలున్నాయి. వెనిస్ యాత్రికుడు మార్కో పోలో గ్రంథంలో ‘ముత్ఫిలి’ రాజ్యం ప్రస్తావన ఉంది. అది మోటుపల్లేనని పండితుల అభిప్రాయం. అక్కడి రాణి న్యాయంగా పాలించిందని, వజ్రాలు దొరుకుతాయని, సాలెగూడంత సన్నని వస్త్రాలు నేస్తారని ఆ గ్రంథం చెబుతుంది. ఆమెను మరణించిన రాజు భార్యగా పేర్కొనడం పొరపాటు. రుద్రమదేవి గణపతిదేవుని కుమార్తె. ఆ తప్పును పక్కన పెడితే, ఒక రాజ్యానికి దాని రేవు పేరే బయటి ప్రపంచంలో స్థిరపడిందన్నది గమనార్హం. విదేశీ వర్తకులకు తెలిసినది ఓరుగల్లు కాదు, మోటుపల్లి.

కాకతీయ రాజ్యం 1323లో పతనమైంది. ఆ తరువాత కొండవీటి రెడ్డిరాజులు మోటుపల్లిని తిరిగి నిలబెట్టారు. అనవోతారెడ్డి కాలంలో 1358లో ఇక్కడే మరొక అభయ శాసనం వెలువడింది. రేవులో స్థిరపడాలని వచ్చే వర్తకులకు ఆదరణ, వెళ్లిపోదలచిన వారిని అడ్డగించబోమన్న హామీ, తెచ్చిన సరకును తమకు నచ్చిన వారికి అమ్ముకొనే స్వేచ్ఛ అందులో ఉన్నాయి. సంతానం లేక మరణించిన వారి ఆస్తిని రాజు తీసుకొనే ‘అపుత్రిక’ను తొలగించారు. కొన్ని సుంకాలను తగ్గించారు. తెలుగుతోపాటు తమిళంలోను దానిని చెక్కించడం మరో విశేషం. ఎవరికి హామీ ఇస్తున్నారో వారికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలన్న వివేకం అందులో కనిపిస్తుంది.

పాలకులు మారినప్పుడు హామీని మళ్లీ ఇవ్వవలసి వచ్చిందన్న వాస్తవం కూడా ఇందులో ఉంది. మధ్యకాలపు కల్లోలంలో వర్తకుల నమ్మకం సడలి ఉండకపోతే రెండవ శాసనం అవసరమే లేదు. ఆ నమ్మకం తిరిగి కుదిరిన కాలానికి సాహిత్యం సాక్ష్యమిస్తుంది. శ్రీనాథ మహాకవి తన ‘హరవిలాసం’ కావ్యాన్ని అవచి తిప్పయసెట్టి అనే వర్తకునికి అంకితమిచ్చాడు. ఆ కుటుంబం సింహళం నుంచి ఏనుగులను, హొర్ముజ్ నుంచి గుర్రాలను, చీనా నుంచి పట్టువస్త్రాలను తెప్పించేదని అందులో వర్ణించాడు. రాజులకు కాక ఒక వర్తకునికి కావ్యం అంకితం కావడమే ఆనాటి సముద్ర వాణిజ్యపు స్థాయికి కొలమానం.

తరువాతి శతాబ్దాల్లో వాణిజ్యం ఈ తీరంలోనే వేరే రేవులకు తరలింది. 17వ శతాబ్దం ఆరంభంలో డచ్చివారు, ఆంగ్లేయులు వచ్చేనాటికి గోల్కొండ రాజ్యపు ప్రధాన రేవు మచిలీపట్నం. దానికి తోడు పెటపోలి అని వారు పిలిచిన నిజాంపట్నం. మోటుపల్లి మెల్లగా ఊరుగా మిగిలింది. వ్రాతపూర్వక హామీ రేవును నిలబెట్టగలదు గాని, అధికార కేంద్రాలు, వాణిజ్య మార్గాలు మారినప్పుడు దానిని శాశ్వతంగా కాపాడలేదు.

ఒడ్డుకు కొట్టుకువచ్చే సరకు ఎవరిది?

గణపతిదేవుడు ఎదుర్కొన్న ప్రశ్న కేవలం చరిత్రకు సంబంధించినది కాదు. 2025 మే 25న కేరళలోని కొచ్చి తీరానికి దూరంగా ఎంఎస్‌సీ ఎల్సా-3 అనే కంటెయినర్ నౌక మునిగిపోయింది. అందులోని 24 మంది సిబ్బందినీ తీర రక్షక దళం, నౌకాదళం కాపాడాయి. నౌకలో 600కు పైగా కంటెయినర్లున్నాయి. కొన్నింటిలో ప్రమాదకర రసాయనాలున్నాయి. కొద్ది రోజుల్లోనే కొల్లం, అలప్పుళ, తిరువనంతపురం తీరాలకు కంటెయినర్లు, వాటినుంచి చెదిరిన ప్లాస్టిక్ గుళికలు కొట్టుకువచ్చాయి. వాటిని ఎవరూ తాకవద్దని, తీసుకోవద్దని అధికారులు తీరవాసులను హెచ్చరించారు.

ఆ హెచ్చరిక వెనుక ఉన్న న్యాయసూత్రం మోటుపల్లి సూత్రమే. 1958 నాటి వాణిజ్య నౌకల చట్టం ప్రకారం ఒడ్డుకు చేరిన ఓడ సొత్తును కనుగొన్నవారు అందుకు నియమితుడైన అధికారికి అప్పగించాలి. యజమాని ఏడాదిలోగా హక్కు నిరూపించుకొని తీసుకోవచ్చు. 1962 నాటి కస్టమ్స్ చట్టం అటువంటి సరకును దిగుమతి సరకుగానే పరిగణించి సుంకం విధిస్తుంది. సుంకం ప్రభుత్వానికి, సరకు యజమానికి. 1244లో రాతికెక్కిన పంపకం దాదాపు అదే రూపంలో నేటికీ కొనసాగుతున్నది.

కాని కొచ్చి ఘటనలో అసలు నష్టం ఎవరిదన్న ప్రశ్న వేసినప్పుడు చిత్రం తారుమారవుతుంది. 13వ శతాబ్దంలో మునిగిన ఓడనుంచి ఒడ్డుకు చేరేవి పోకలు, మిరియాలు, పగడాలు. వాటివల్ల తీరానికి కీడు లేదు. బలహీనుడు వర్తకుడు, బలవంతుడు ఒడ్డున ఉన్న రాజు. అందుచేత ఓడను ఒడ్డునుంచి కాపాడవలసి వచ్చింది. నేడు మునిగిన నౌకనుంచి వచ్చేవి ఇంధన తైలం, రసాయనాలు, ప్లాస్టిక్ గుళికలు. నౌకకు బీమా ఉంటుంది, యజమానికి న్యాయవాదులుంటారు. వేట ఆగిపోయిన మత్స్యకారునికి రోజు గడవడమే కష్టం. ఇప్పుడు ఒడ్డును ఓడనుంచి కాపాడవలసి వస్తున్నది.

పొరుగు దేశం అనుభవమూ ఇదే. 2021 మేలో కొలంబో సమీపంలో ఎక్స్-ప్రెస్ పెర్ల్ నౌకలో మంటలు చెలరేగాయి. జూన్‌లో అది మునిగింది. ప్లాస్టిక్ గుళికలు శ్రీలంక పశ్చిమ తీరాన్ని ముంచెత్తాయి. వందకోట్ల డాలర్ల పరిహారం చెల్లించాలని ఆ దేశ సుప్రీంకోర్టు ఆదేశించినది 2025 జులైలో. అంటే ప్రమాదం జరిగిన నాలుగేళ్లకు. కొచ్చి ప్రమాదంపై కేరళ ప్రభుత్వం 9,531 కోట్ల రూపాయల పరిహారం కోరుతూ హైకోర్టులో దావా వేసింది. దావా మొత్తం ఎంత పెద్దదైనా, అది తీరవాసి చేతికి చేరే కాలం అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న.

మునిగిన నౌకల తొలగింపు బాధ్యతను యజమానిపైనే ఉంచి, తప్పనిసరి బీమాను నిర్దేశించే నైరోబీ అంతర్జాతీయ ఒప్పందంలో భారత్ 2011లోనే చేరింది. దేశీయ చట్టంలో దానికి పూర్తి స్థానం కల్పించే పని 2025 నాటి వాణిజ్య నౌకల చట్టంతో జరిగింది. ఇది ఆహ్వానించదగిన మార్పు. అయితే నౌక తొలగింపు వేరు, జీవనోపాధి నష్టపరిహారం వేరు. రెండవది ఇప్పటికీ చాలావరకు దీర్ఘకాలపు వ్యాజ్యాలకే మిగిలి ఉన్నది.

తెలుగు తీరానికి వర్తించేది

ఈ చర్చ ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేకంగా వర్తిస్తుంది. ఇది తుపానుల తీరం. 1864 నాటి ఉప్పెనలో మచిలీపట్నం, దాని పరిసరాల్లో సుమారు 30 వేల మంది మరణించారు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన ఎన్ని గ్రామాలను తుడిచిపెట్టిందో నేటి పెద్దలకు ప్రత్యక్షంగా తెలుసు. అటువంటి తీరంలో రేవులు పెరిగి, నౌకల రాకపోకలు పెరిగినప్పుడు ప్రమాద అవకాశమూ పెరుగుతుంది. దానికి సన్నద్ధత రేవు కట్టిన తరువాత కాక, కడుతున్నప్పుడే ఏర్పడాలి.

2025 నాటి ఓడరేవుల చట్టం రాష్ట్ర మారిటైం బోర్డులకు చట్టపరమైన గుర్తింపునిచ్చి, వివాదాల పరిష్కారానికి కమిటీలను ప్రతిపాదించింది. వీటి దృష్టి ప్రధానంగా రేవు నిర్వాహకులు, నౌకల యజమానులు, సరకుదారుల పైన ఉంటుంది. ముగ్గురూ వాణిజ్యంలో భాగస్వాములే. నాలుగవ పక్షమైన తీర గ్రామం వారి ఒప్పందాల్లో సంతకందారు కాదు. నిజానికి మోటుపల్లి శాసనంలోనూ ఆ నాలుగవ పక్షం లేదు. అలలను దాటి సరకు దించిన పడవవారి గురించి, వస్త్రాలు నేసిన వారి గురించి అందులో మాట లేదు. మోటుపల్లిని స్వర్ణయుగపు చిహ్నంగా మాత్రమే చూసేవారు ఈ లోటును కూడా చూడవలసి ఉంటుంది.

సందర్శకునికి ఏమి చూపాలి?

గుజరాత్‌లోని లోథల్‌లో జాతీయ నౌకావాణిజ్య వారసత్వ సముదాయం నిర్మాణం సాగుతున్నది. కేరళ తన ముజిరిస్ ప్రాంతాన్ని వారసత్వ యాత్రగా తీర్చిదిద్దింది. మోటుపల్లికి అంతటి వ్యయం అవసరం లేదు. ఇక్కడ చూపవలసినది ప్రధానంగా ఒక వాక్యార్థం. శాసన పాఠాన్ని నేటి తెలుగులో అందరూ చదవగలిగేలా ఉంచడం, సుంకాల పట్టికను చిన్న ప్రదర్శనగా మలచడం, 1244, 1358 శాసనాలను పక్కపక్కన వివరించడం చేస్తే చాలు. చీరాల నేతను, చినగంజాం ఉప్పును, వేటపాలెం గ్రంథాలయాన్ని కలుపుతూ ఒక రోజు యాత్రకు ఈ ప్రాంతం సరిపోతుంది. అది బడిపిల్లలకు పాఠ్యపుస్తకంలోని ఒక పంక్తిని కళ్లకు కట్టిస్తుంది. స్థానికులకు కొంత ఆదాయాన్నీ ఇస్తుంది.

అంతకన్నా విలువైన స్మారకం కొత్త రేవుల ద్వారాల వద్ద సాధ్యం. రేవు వసూలు చేసే రుసుములు, నౌకా ప్రమాదం జరిగితే మత్స్యకారులు ఎవరిని సంప్రదించాలి, తాత్కాలిక సహాయం ఎన్ని రోజుల్లో అందుతుంది, పరిహారాన్ని ఎవరు ఏ లెక్కన నిర్ణయిస్తారు అన్న వివరాలను తెలుగులో, స్పష్టమైన అంకెలతో, తీర గ్రామాలవారు చదువుకొనేలా ప్రకటించడం కష్టమైన పని కాదు. గణపతిదేవుడు ముప్పయింట ఒక వంతు అని రాతిమీద చెక్కించినది సుంకరికీ, వర్తకునికీ మధ్య వాదానికి తావు లేకుండా చేయడానికే. మచిలీపట్నం, రామాయపట్నం, మూలపేటలలో తొలి నౌకలు లంగరు వేసే నాటికి అటువంటి వ్రాతపూర్వక హామీ తీరవాసుల చేతిలోనూ ఉండాలి.